ఈనెలు గీసిన బిస్కెట్లు

నా జన్మకంతా నేను గుడ్డు తిన్నది ఒక్కసారే. అదీ శివరాత్రి పారణ పొద్దున, దేవుడింటి ముందర, మా అవ్వ చేతి మీదుగా. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. డెబ్బై ఎనిమిదేండ్లు నిండినాయి, ఇప్పటికీ రాదు.

అది అరవై ఒకటో సంవత్సరం. రాష్ట్రం ఏర్పడి ఐదేండ్లు కూడ కాలేదు, మా మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మెయిన్ బజారులో దుకాణం, దుకాణం వెనకాలే ఇల్లు. నాయన ఉమామహేశ్వర్లు, చిన్నాయన వీరాంజనేయులు, ఇద్దరూ దుకాణంలో కూర్చునేవాళ్లు. కోమటోళ్లం. ఉల్లిగడ్డ కోయాలన్నా అవ్వకు వాసన తగలకుండా పెరట్లో కోసే ఇల్లు మాది. మా అవ్వ రామతులసమ్మ ఇరవై రెండేండ్లకే ముండమోసి, అప్పటినుంచి మడీ ఉపవాసాలతోనే బతికిన మనిషి.

అట్లాంటి ఇంట్లోనుంచి నేను మిషను బడికి పోతుంటిని, అదీ ఎస్సెల్సీకి. మా వీధిలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు. మా తెలుగు టీచరు కరుణమ్మ గారు వచ్చి మా అరుగు మీద రెండు గంటలు కూర్చుని నాయనను ఒప్పించింది కాబట్టి పోతుంటిని. ఆమెకు మేము మంచినీళ్లు కూడ ఇయ్యలేదు. ఆమె దాని ఊసే ఎత్తలేదు, నా మార్కుల గురించే మాట్లాడి పోయింది.

నాయన ఒప్పుకున్నాడు గానీ చిన్నాయన షరతులు పెట్టినాడు. ఆడ నీళ్లు తాగకూడదు, ఏమీ తినకూడదు, వాళ్ల పుస్తకాలు ఇంట్లోకి తేకూడదు. ఒక్కటి తప్పినా ఆ రోజుతో బడి బంద్, అద్దంకి సంబంధం ఖాయం. అద్దంకి వాళ్లు అప్పటికే రెండుసార్లు కబురు పంపినారు. రోజూ సాయంత్రం నేను గడప తొక్కంగానే చిన్నాయన నా సంచి తీసుకుని బోర్లించేవాడు. లెక్కల పుస్తకం పేజీలు కూడ విదిలించేవాడు, మతం కాగితాలేమన్నా రాలతాయేమోనని. ఆయన పోయినాక నేను అన్నీ ఏరుకుని మళ్లీ సర్దుకునేదాన్ని. పరీక్షలు మార్చి నెలాఖరుకు. అవి రాసి, ట్రైనింగుకు పోయి, టీచరు కావాల. నాకున్న ఆశ అదొక్కటే.

శనివారం మధ్యాహ్నాలు మాకు, మా బడి నడిపే అమెరికా దొరసానమ్మ బంగళాలో వంట క్లాసు జరిగేది. నేను గోడకానుకుని చూసేదాన్ని, ముట్టుకునేదాన్ని కాదు. ఆ శనివారం ఆమె తనకొచ్చిన తెలుగులో ఒక సంగతి చెప్పింది. మంగళవారం పద్నాలుగో తేదీ, వాలంటైను దినమంట. వాళ్ల దేశంలో ఆ నాడు ప్రేమించే వాళ్లకు తమ చేత్తో చేసిన తీపి ఇస్తారంట. ఆడపిల్లలం కదా, ముఖాలు కొంగుల్లో దాచుకుని ఒకటే నవ్వు. దొరసానమ్మకు కోపమొచ్చి, ప్రేమంటే అదొక్కటే కాదు, అమ్మకియ్యండి, స్నేహితురాలికియ్యండి, టీచరుకియ్యండి అన్నది. టీచరు అనేసరికి నాకు కరుణమ్మ గారు గుర్తొచ్చినారు. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

అప్పటిదాకా గోడకానుకున్నదాన్ని కాస్తా పోయి పిండి ముందర కూర్చున్నా. వెన్నా చక్కెరా కలిపి తెల్లబడేదాకా రుద్దినాము. తర్వాత తలా ఒక గుడ్డు ఇచ్చినారు. బంగళాలో వంట చేసే ఏబేలు కూతురు రాహేలు నా బెంచీ పిల్ల, అది నా చెవిలో, నువ్వు వద్దులే, నేను కొడతా అన్నది. ఇంకొకరు కొట్టిన గుడ్డు అయితే అది నేను చేసినట్టు ఎట్లయితుంది? నేనే కొట్టినా. అది వేళ్ల మీద జారుతుంటే కళ్లు మూసుకున్నా. తర్వాత మట్టితో ఐదుసార్లు చేతులు కడిగి ఉంటా.

మైదా వేసి ముద్ద చేసి, చపాతీ కర్రతో ఒత్తి, అచ్చుతో కోసినాము. ఆ అచ్చు అమెరికాది కాదు. పలకల ఫ్యాక్టరీలో చట్రాల మూలలకు కొట్టే రేకును ఒకాయన వంచి ఇచ్చినాడు. హృదయం ఆకారమని దొరసానమ్మ బొమ్మ గీసి ఇచ్చిందంట, ఆయన దాన్ని సాగదీసి అచ్చం తమలపాకు చేసి పెట్టినాడు. కాల్చి ఆరబెట్టినాక, మెత్తగా నూరిన చక్కెరలో పాలూ ఎర్ర రంగు చుక్కలూ కలిపి పైన పూసినాము. మిగతా పిల్లలు అంచులకు చుక్కలు పెట్టినారు. నాకు అది ఆకుగానే కనపడె. కాగితం పొట్లంలో తెల్ల చక్కెర పోసి, కొన కత్తిరించి, నడుమ ఒక గీత, అటూ ఇటూ సన్నగా ఈనెలు గీసినా. హృదయానికి ఈనెలుంటాయా అని దొరసానమ్మ నవ్వి, నావే అందరికంటే అందంగా ఉన్నాయని ఎత్తి చూపించింది. ఆ పొగడ్తకు నేను పొంగిపోయినా, సిగ్గులేనిదాన్ని.

ఆరు బిస్కెట్లు. వాటిని మంగళవారం దాకా యాడ పెట్టాల? దొరసానమ్మ మరుసటి రోజే ఊళ్ల మీదికి పోతుంది, బంగళాకు తాళం. సోమవారం శివరాత్రి, బడి లేదు. రాహేలును దాచిపెట్టవే అంటే, మా ఇంట్లో ఆరుగురు పిల్లలే, తెల్లారేసరికి పొడి కూడ మిగలదు అన్నది. ఆడనే పారేసి ఉంటే ఏ గొడవా లేకపోవును. ఈనెలు చూసుకుంటే చేతులు రాలేదు. కాగితంలో చుట్టి వోణీ మడతలో దోపుకుని ఇంటికి పోయినా. చిన్నాయన సంచి బోర్లించి విదిలిస్తున్నంతసేపూ నా కడుపు దగ్గర ఆ వెన్న వాసన నాకే కొడుతుండె. ఆయన తలెత్తి, ఏంది అట్ల చెమట పట్టింది అన్నాడు. ఎండలో నడిచొచ్చినా అన్నా.

అవ్వ ఆ పొద్దున్నే ఎదురింటి వెంకటసుబ్బులమ్మ పెద్దమ్మతో కలిసి త్రిపురాంతకం పోయి ఉండె, శివరాత్రి జాగారం చేసుకుని మంగళవారం సాయంత్రానికి గానీ రాదు. పిన్నమ్మ పెద్దపిల్లను ఎంటబెట్టుకుని పురిటికి రాచర్లలో పుట్టింటికి పోయింది. అమ్మేమో ఆ రోజే, అవ్వ బయల్దేరకముందే, బయట చేరింది, నాలుగో రోజు తలకు పోసుకునేదాకా ఇంట్లోకి రాదు. వంటా నాదే, దేవుడి దీపమూ నాదే. ఇల్లంతా వెతికినా ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒక్కటే కనపడింది నాకు. దేవుడిల్లు.

అవును, దేవుడింట్లోనే పెట్టినా. కర్పూరం డబ్బా వెనకాల ఇత్తడి పళ్లెంలో వరసగా పేర్చి, చీమలు పట్టకుండా ఇంకో పళ్లెం మూత వేసినా. ఆదివారం దీపం పెట్టేటప్పుడు రెండు అగ్గిపుల్లలు ఆరిపోయినాయి. సోమవారం శివరాత్రి. నైవేద్యం పెట్టి గంట కొడుతుంటే ఆ మూత పళ్లెమే కళ్ల ముందర. స్వామీ, రేపు పొద్దున్నే తీసుకుపోతా, ఒక్క రాత్రి ఓర్చుకో అని లెంపలేసుకున్నా. దేవుడికంటే చిన్నాయనకే ఎక్కువ భయపడినా, అదీ నిజమే చెబుతున్నా.

మంగళవారం తెల్లారి బావి దగ్గర బిందె కడుగుతున్నా. స్నానం చేసి బిస్కెట్లు తీసుకుని బడికి పోవాల. అంతలో ఇంట్లో గంట మోగింది. దేవుడి గంట. అమ్మ ఇంకా తలకు పోసుకోలేదు, నేనేమో బావి దగ్గరే ఉన్నా. మరి గంట ఎవరు కొడుతున్నారు? లోపలికి పరుగెత్తినా. నడవలో తడి పాదాల గుర్తులు దేవుడింటి దాకా పోయి ఉన్నాయి. అవ్వ మొదటి బస్సుకే వచ్చి, నడవ పక్క గోలెం నీళ్లే పోసుకుని లోపలికి పోయింది.

గడప దగ్గర నిలబడి చూస్తి. తడి మడిచీరతో అవ్వ కళ్లు మూసుకుని హారతి ఇస్తుంది. శివుడి ముందర మూత తీసిన పళ్లెం, అందులో ఆరు ఎర్రటి ఆకులు, ఈనెలతో సహా. పళ్లెంలో పెట్టి ఇంకో పళ్లెం మూసేది మా ఇంట్లో నైవేద్యానికే. ఈ మూడు రోజులు పూజ నాకప్పగించి పోయింది ఆమె. పిల్ల శివయ్యకు ఆకుల తీపి చేసి పెట్టిందనుకున్నది. వద్దవ్వా అని అరవాల. అరవలేకపోయినా.

ఆమె ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. ఒకటిన్నర దినం పచ్చి మంచినీళ్లు తాగని నోరు. మెల్లగా నమిలింది. మా అవ్వ ముఖంలో అంత తృప్తి నేను ముందెప్పుడూ చూడలేదు. నన్ను చూసి రమ్మని చెయ్యి ఊపింది. బడి నిన్ను చెడగొడుతుందని నీ చిన్నాయన అంటాడు గానీ, నువ్వు బంగారం తల్లీ అని, ఒక ముక్క నా అరచేతిలో పెట్టింది. ప్రసాదం వద్దనేదానికి లేదు. మింగినా. చెప్పకూడదు గానీ, బ్రహ్మాండంగా ఉండె. ఆ రుచికి ఇంకా భయమేసింది.

అక్కడితో పోలేదు. అవ్వ పళ్లెం తీసుకుని దుకాణంలోకి పోయి, ప్రసాదం అని మాత్రమే అన్నది. నాయన కళ్లకద్దుకుని తిన్నాడు. చిన్నాయన రెండు తిన్నాడు, రెండు! ఇంకా ఉన్నాయా అని కూడ అడిగినాడు. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నా.

కాసేపటికి అమ్మ తలకు పోసుకుని లోపలికొచ్చింది. పళ్లెంలో నుంచి ఒకటి తీసి తిని, త్రిపురాంతకంలో ఇట్లాంటి ప్రసాదం కూడ పెడుతున్నారా అని తనలో తాను అనుకుంది. అప్పుడు తెలిసింది నాకు అసలు ప్రమాదం. అవ్వ ఏమో ఇంట్లో చేసిందనుకుంటుంది, అమ్మ ఏమో అవ్వ తెచ్చిందనుకుంటుంది. ఇద్దరూ ఒక్క మాట ఎదురుబొదురుగా అనుకుంటే నా పని ఖతం. అదృష్టం కొద్దీ మా ఇంట్లో అత్తాకోడళ్లు అవసరానికి మించి మాట్లాడుకోరు. ఆ పొద్దు నేను బడికి పోలేదు, కడుపునొప్పి అన్నా. ఇద్దరి నడుమ తిరుగుతూనే ఉన్నా. అమ్మ, అత్తా ఆ ప్రసాదం, అని నోరు తెరవంగానే చేతిలో ఉన్న చెంబు జారవిడిచినా. ఇంకోసారి పాలు పొంగించినా. పిల్లకు ఈరోజు దయ్యం పట్టిందని అమ్మ తిట్టింది. తిట్టనీ, ఆ మాట ఒక్కటి ఎత్తకుంటే చాలు అనుకున్నా.

వెంకటసుబ్బులమ్మ పెద్దమ్మ రానే వచ్చింది. ఆమె నోరు మా బజారుకంతా తెలుసు. అన్నానికని చిన్నాయన కూడ అప్పుడే లోపలికొచ్చినాడు. అవ్వ మిగిలిన ఒక్క బిస్కెట్టూ ఆమె చేతిలో పెట్టింది. పెద్దమ్మ కొరికి, కళ్లు పెద్దవి చేసి, ఇది ఎట్ల చేసినారు, నోట్లో కరిగిపోతాంది అన్నది. అమ్మ సహజంగానే, మేమేడ చేసినాము, అత్త త్రిపురాంతకం నుంచి తెచ్చింది అన్నది.

"నేను మూడు రోజులూ ఆమె పక్కనే ఉంటిని గదా రాజేశ్వరమ్మా, యాడ తెచ్చింది?" అన్నది పెద్దమ్మ.

అవ్వ అమ్మను చూసింది. తర్వాత నన్ను చూసింది. నా ముఖంలో ఏం కనపడిందో గానీ, అవ్వ ముఖంలో రక్తం దిగిపోయింది. చిన్నాయన తినబోయిన ముద్ద పళ్లెంలో పెట్టి నా వైపు తిరిగినాడు.

"పిల్లా, ఇది యాడిది?"

అయిపోయింది అనుకున్నా. అద్దంకి కళ్ల ముందరికొచ్చింది. ముఖం తెలియని మొగుడూ, తెలియని వంటిల్లూ, మూసేసిన పుస్తకాలూ.

"దాన్నేంది అడిగేది, నన్నడుగు," అన్నది అవ్వ. "జాగారం రాత్రి సుబ్బులమ్మ స్తంభానికానుకుని కునుకు తీస్తుండె. అప్పుడు గిద్దలూరు ఆమె ఎవరో ఇచ్చి పోయింది."

పెద్దమ్మ గయ్యిమన్నది. తాను కునకలేదని, పంచాక్షరి జపిస్తుంటే కళ్లు మూసుకున్నదని, ఈ వయసులో ఇంత నింద వేస్తారా అని అరగంట వాదించింది. చిన్నాయనకు నవ్వొచ్చి మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టినాడు. ముప్ఫై ఎనిమిదేండ్ల మడిలో మా అవ్వ అబద్ధమాడగా నేను వినలేదు. శివరాత్రి పారణ నాడు ఆడింది.

సాయంత్రం అందరూ పోయినాక, అవ్వ నన్ను బావి దగ్గరికి రమ్మన్నది. పోయినా. గట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"బడిలో చేసిందేనా?"

తల ఊపినా.

"ఏమేం వేసినారు?"

మైదా, చక్కెర, వెన్న, పాలు అని చెప్పుకుంటూ పోయి ఆగిపోయినా. ఆమె నా నోటి వైపే చూస్తుంది. అక్కడితో ఆపితే ఆగిపోవును. ఆమె నాకోసం ఒక అబద్ధం ఆడి వచ్చింది, ఆమెకు ఇంకొకటి ఎట్ల చెప్పేది?

"గుడ్డు వేసినా అవ్వా. నేనే కొట్టినా."

అవ్వ లేచి బావిలోకి చేద వదిలింది. తోడింది, నెత్తిన పోసుకుంది. మళ్లీ తోడింది. మాఘమాసం చలిలో ఎన్ని చేదలు పోసుకుందో నేను లెక్కపెట్టలేదు. పండ్లు టకటక కొట్టుకుంటున్నా ఆపలేదు. నేను కాళ్ల మీద పడి, నాయనకు చెప్పవ్వా, పురోహితున్ని పిలిపించవ్వా, నా బడి పోతే పోనీ అని ఏడ్చినా. పోతే పోనీ అన్నా గానీ, అనేటప్పుడు కూడ లోపల వద్దు వద్దు అని కొట్టుకుంటానే ఉన్నా. ఆమె అది విన్నదో ఏమో.

"ప్రాయశ్చిత్తం చేసుకోవాలంటే పంతులుకు చెప్పాల. ఏం తిన్నావమ్మా అని అడుగుతాడు. ఆయనకు చెప్పినాక నీ చిన్నాయనకు తెలియకుండా ఉంటుందా?" అని, చీర పిండుకుంటా అడిగింది, "పరీక్షలెప్పుడు?"

"వచ్చే నెలాఖరుకు."

"పో. పోయి చదువుకో."

మరుసటి పొద్దున అవ్వ ఎప్పటిలాగే మడి కట్టుకుని దేవుడింటి దగ్గరికొచ్చింది. గడప మీదికి కాలెత్తింది. ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. గడప బయట గోడకానుకుని కూర్చుని, అమ్మను పిలిచి, రాజేశ్వరీ, నువ్వే దీపం పెట్టు, నాకు మోకాళ్లు పట్టేసినాయి అన్నది. రెండు దినాల కిందట త్రిపురాంతకం కొండ ఎక్కి దిగిన మనిషి. అమ్మ నమ్మి, నువ్వులనూనె వేడి చేసి తెచ్చింది. నాయన వైద్యున్ని పిలిపించినాడు. అవ్వ ఆ నూనె రాయించుకుంది, ఆ మాత్రలు మింగింది. గడప మాత్రం దాటలేదు. బయటి నుంచే, ఆ పువ్వు అయ్యవారి కుడిపక్క పెట్టు, వత్తి కొంచెం ఎగదొయ్యి అని చెప్పేది. మెడ చాచి చూసేది, లోపల సరిగ్గా కనపడదు గదా.

నేను పరీక్షలు రాసినా. ఒక్కో పరీక్షకు పోయేటప్పుడు ఆమె ముందరి నుంచే పోవాల. కాళ్లు మొక్కాలంటే సిగ్గయ్యేది. పాసయినా, ట్రైనింగు అయినా, తర్లుపాడులో ఉద్యోగం వచ్చింది. రోజూ సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే ఆమె అదే గోడకు.

అరవై ఏడులో నా ఉద్యోగం పర్మినెంటయింది. ఇంక నన్ను ఆపేవాడు లేడు. ఆ రోజు ధైర్యం చేసి ఆమె పక్కన కూర్చున్నా. ఇంక చాలవ్వా, నేనే నాయనకు చెబుతా, చిన్నాయనకూ చెబుతా, నువ్వు ప్రాయశ్చిత్తం చేసుకుని లోపలికి పో అన్నా.

"నీ చిన్నాయన పిల్లలిద్దరూ ఆ బడికే పోతాండారు గదా?" అన్నది. నన్ను చూసి చిన్నాయనే తీసుకుపోయి చేర్పించి ఉండె వాళ్లను.

"పోతాండారు. పెద్దది నాలుగు. చిన్నది ఈ ఏడే ఒకటిలో చేరింది."

"చిన్నదానికి నీ మాదిరి చదువు అయ్యేసరికి ఎన్నేండ్లు పడుతుంది?"

"పదేండ్లు అవ్వా."

"పదేండ్లే గదా," అని, అమ్మ వైపు తిరిగి, గన్నేరు పువ్వు ఇంకొంచెం ముందరికి జరపమన్నది.

ఆ పదేండ్లలో ఆమె ఏడేండ్లే కూర్చోగలిగింది.